మోకాళ్ళ నూనె

మా వదిన పని నుంచి రాగానే చెప్పులు విప్పదు, చేతిసంచి కింద పెట్టదు, ముందు కూర్చుంటుంది. గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలుంది. దాని మీద కూలబడి, గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుంటుంది. ఆ కాసేపూ ఆమెని పలకరించకూడదు. పలకరించినా వినపడదు. రోజంతా పంపుల హోరులో చెవులకి మూతలు తగిలించుకుని నిలబడి వచ్చిన మనిషికి ఇంట్లో మాటలు చెవికెక్కడానికి కొంత సమయం పడుతుంది. నేను ఎదురుగా కుట్టుమిషను తొక్కుతూ ఇదంతా చూస్తుంటాను. ఆడపడుచుని. చూడటం నా హక్కు, మాట అనడం నా పుట్టుక.

"ఇంటికొచ్చావా, ఇంకా అక్కడే ఉన్నావా?" అంటాను.

"సగం వచ్చాను. మిగతా సగం దారిలో ఉంది," అంటుంది కళ్ళు తెరవకుండానే.

వీధిలో ఆమెని వేడినీళ్ళమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. నీళ్ళు కాచడానికి కూడా ఉద్యోగం ఉంటుందా, ఆ భాగ్యం ఇంట్లో లేదా అని. నాకూ అలాగే అనిపించేది. ఒక సెలవురోజు ఆమె వంటింట్లో కుక్కర్ చూపించి నాకు విడమరిచి చెప్పింది. మూత బిగించి ఒత్తిడి పెడితే నీళ్ళు మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతాయి, ఎంత గట్టి గింజైనా మెత్తబడుతుంది. ఆ ఒత్తిడిని వందరెట్లకు పైగా పెంచి, మందపాటి లోహపు గొట్టంలో పెట్టి, సీసం కరిగిపోయేంత వేడి ఎక్కిస్తే అవి ఇక నీళ్ళూ కావు, ఆవిరీ కాదు. మామూలు నీళ్ళల్లో ఎంత గిలకొట్టినా పైకి తేలే నూనె ఆ నీళ్ళల్లో ఇట్టే కరిగిపోతుంది. అందులోకి గాలి ఊదితే మంట లేకుండా, పొగ లేకుండా కాలిపోతుంది. మట్టిలో పూడ్చినా చావని విషాలు, కాలవలో పోస్తే చేపల్ని చంపి తాము మాత్రం బతికుండే విషాలు, అక్కడ నిమిషం నిలబడలేవట.

"చివరికి ఏం మిగులుతుంది?" అని అడిగాను.

"నీళ్ళు, కాస్త గాలి, ఉప్పు. ఆ ఉప్పుతోనే నా చావు."

అంత వేడిలో నీళ్ళు నూనెని కలుపుకుంటాయి గానీ ఉప్పుని దగ్గరికి రానివ్వవట. ఆ ఉప్పు గొట్టం గోడలకి పేరుకుపోయి, గొంతులో ముద్దలా అడ్డం పడుతుంది. అప్పుడు అంతా ఆపాలి. చల్లారనివ్వాలి, కడగాలి, మళ్ళీ మొదటి నుంచి వేడెక్కించాలి. గొట్టం కాంక్రీటు గోడకి అవతల ఉంటుంది. ఇవతల కుర్చీలో మా వదిన, ఒత్తిడి చూపే ముల్లు ఎటు కదులుతుందా అని చూస్తూ ఉంటుంది. "బరువులు మోసినా ఇంత అలసట ఉండదు. కనిపించని దానికి కాపలా కాయడమే మనిషిని తినేస్తుంది," అంటుంది.

ఆ విషాలని కాల్చే వాళ్ళ ప్లాంటులో ఒక పద్ధతుంది. పనిచేసేవాళ్ళు ఇంట్లో ఎక్కడా పారెయ్యలేని వస్తువులు తెచ్చి వెయ్యడానికి ఒక నీలం డ్రమ్ము పెట్టారు. ఇంటి డ్రమ్ము అంటారు దాన్ని. ఈ సంగతి వీధికి తెలిసిన రోజు నుంచి వదిన సంచికి బరువు పెరిగింది. తేదీ దాటిన మాత్రలు, ఎండిపోయిన రంగు డబ్బాలు, ఎలకల మందు. "వేడినీళ్ళమ్మా, ఇది కూడా నీ కుండలో పడేద్దూ," అని ఎవరు చేతిలో పెట్టినా తీసుకుంటుంది.

"ఊళ్ళో దరిద్రమంతా నీ నెత్తినేనా?" అన్నాను ఒకసారి.

"ఎవరో ఒకరి నెత్తిన పడాలిగా. కాలవ నెత్తిన పడే బదులు," అంది.

అందరి ఇళ్ళలో విషం ఏరుకొచ్చే మనిషికి తన ఇంట్లో ఉన్నది మాత్రం కనపడలేదు. దానికి కారణం ఆమె ముఖానికున్న మాస్కు.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ నొప్పులకి మందు మా నాన్న నూనె. నాన్న ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే లోపల నూనె ఉంటుంది. చిక్కగా, లేత పసుపురంగులో, చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఆ షెడ్డులో వాళ్ళందరికీ అది నొప్పుల మందు. అంత పెద్ద యంత్రంలో మంటనే లాగేస్తుంటే, మనిషి మోకాల్లో మంట లాగడం దానికో లెక్కా అనేవాడు నాన్న. వినడానికి సబబుగానే ఉండేది. ఒక పెద్ద డబ్బా నిండా ఇంటికి తెచ్చాడు, తగ్గినప్పుడల్లా మళ్ళీ నింపేవాడు. సాయంత్రం పూట అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంటే తనే రాసేవాడు. వీధిలో నడుం పట్టేసినవాళ్ళూ, చెయ్యి బెణికినవాళ్ళూ చిన్న చిన్న సీసాలు పట్టుకుని వచ్చేవారు. అమ్మ ఎవరినీ కాదనలేదు. నా మోకాళ్ళకీ రాసింది, అన్నయ్య మోకాళ్ళకీ రాసింది, ఈమధ్య అన్నయ్య కూతురి కాలికి కూడా రాసింది. మా ఇల్లంటేనే ఆ నూనె వాసన. కొంచెం తియ్యగా, కొంచెం గొంతు పట్టేసేలా ఉంటుంది. ఆ వాసనలోనే పెరిగాం కాబట్టి మాకు అది వాసనలా తోచేది కాదు.

కాలేయం పాడై నాన్న పోయాడు. ఆస్పత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?" అని. తాగనన్నాడు నాన్న. డాక్టరు నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ నవ్వు ఆస్పత్రి గుమ్మం దాటి మాకంటే ముందే ఇంటికొచ్చింది. చూడటానికొచ్చిన చుట్టాలంతా నాన్న ముందు పళ్ళు పెట్టి, వంటింట్లోకి వచ్చి అమ్మతో, "నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా," అన్నారు. అమ్మ ఇల్లంతా వెతికింది. అటక మీద, స్నానాలగది వెనక, పిండి డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. సారా సీసా దొరకలేదు. దొరకకపోయేసరికి ఆమెకి అనుమానం పోలేదు, గట్టిపడింది. ఎంత తెలివిగా దాచాడో చూశావా అంది నాతో.

ఆ తర్వాత నాన్న బతికున్నంతకాలం ఆమె ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, పక్క మార్చింది, ఒళ్ళు తుడిచింది, మాట మాత్రం లేదు. ఆయన ఆమె వైపే చూస్తూ పడుకునేవాడు. పోయాక ఫొటో తన గదిలో వద్దంది. నా కుట్టుమిషను పైన గోడకి తగిలించాం. నూనె డబ్బా మాత్రం తన మంచం కిందే ఉంచుకుంది. "మనిషి మీద కోపం గానీ నూనె మీద లేదన్నమాట," అని ఒకసారి నోరు జారాను. చేతిలో ఉన్న గరిటె విసిరింది.

వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చింది ఆ తర్వాతే. మామగారు తాగుడుతో పోయారని ఆమెకి మేమే చెప్పాం. అందరికీ తెలిసిన మాట కదా, దాచడం ఎందుకనుకున్నాం. నూనె ఎక్కడిదో మాత్రం ఆమె అడగలేదు, అది చెప్పాల్సిన సంగతని మాకూ తోచలేదు.

ఇక జరిగింది చెబుతాను. మొన్నామధ్య వాళ్ళ ప్లాంటుకి ఒక పాత కరెంటు సబ్‌స్టేషన్ నుంచి నూనె డ్రమ్ములు వచ్చాయి. అలాంటివి వదినకి కొత్త కాదు, ఎన్నోసార్లు గొట్టంలోకి పంపింది. కానీ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ముఖానికి మాస్కు ఉంటుంది, దాంతో ఏ వాసనా తెలియదు. ఆరోజు మూత తీస్తుండగా మాస్కు పట్టీ తెగింది. ఊపిరి బిగబట్టి బయటికి పరుగెత్తింది గానీ, ఒక్క ఊపిరి లోపలికి పోనే పోయింది.

"అత్తయ్య ఇక్కడికెందుకొచ్చారా అనుకున్నానే," అంది వదిన నాతో. "నిజంగా వెనక్కి తిరిగి చూశాను. అత్తయ్య మోకాళ్ళ వాసన అది."

మర్నాడు అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బాలోంచి చిన్న సీసాలోకి కొంచెం తీసి పట్టుకెళ్ళింది. ల్యాబ్‌లో ఆయన చూసి, ఇది మన దగ్గరికి వచ్చే సరుకే, నీకు ఇంట్లో ఎలా దొరికిందని అడిగాడట. ఆ సాయంత్రం వదిన స్టూలు మీద కూర్చోలేదు. చెప్పులతోనే అమ్మ గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఆ నూనె ఇక రాసుకోకండి. విషం అది. పాపకి అసలు రాయకండి."

అమ్మ అప్పుడే ఎడమ మోకాలికి రాసి కుడి మోకాలికి వచ్చింది. చెయ్యి ఆపలేదు. "ఇన్నేళ్ళు రాసుకున్నాను, చచ్చానా?"

"మీరు చావలేదని అది మంచిదైపోదు."

"ఈ వీధిలో సగంమంది నడుములు దీనివల్లే నిలబడ్డాయి. వెళ్ళి అడుగు. నీకు ఊళ్ళో చెత్తంతా మోసి మోసి, కనబడిందల్లా విషమే అయిపోయింది అమ్మాయ్."

నేను అమ్మ పక్షమే. ఇంట్లో నాన్నది మిగిలిందే ఆ డబ్బా ఒక్కటి. పైపెచ్చు ఆడపడుచునయ్యుండి వదిన పక్షాన నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు? "కావాలంటే నీ కూతురికి రాయనివ్వకు. అమ్మ జోలికి రాకు," అన్నాను. మా అన్నయ్య బస్సు డ్రైవరు. రోడ్డు మీద హారన్ మోగించడమే తప్ప ఇంట్లో గొంతెత్తి ఎరగడు. ఆరోజు కూడా గుమ్మంలో నిలబడి తువ్వాలు దులిపి దులిపి, దానికి దుమ్మేమీ లేకపోయినా, మళ్ళీ దులిపాడు.

వదిన మా ముగ్గురినీ చూసింది. "నాకు గొడవపడే ఓపిక లేదు," అంది. వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

అమ్మ డబ్బా దాచేసింది. నా దగ్గర కూడా చెప్పలేదు ఎక్కడో. అత్తాకోడళ్ళ మధ్య మాటలు మంచినీళ్ళు, ఉప్పు, తలుపు వెయ్యి అన్నంతవరకే మిగిలాయి. సాయంత్రమయ్యేసరికి నూనె వాసన మాత్రం గదిలోంచి వస్తూనే ఉంది. వదిన ఆ వాసనకి ముక్కు మూసుకునేది కాదు, తల తిప్పుకునేది కాదు, స్టూలు మీద అలా కూర్చుని పీల్చేది. ఆ ముఖం చూస్తే నాకు కోపం రావాల్సింది. జాలేసింది. అదీ నాకు నచ్చలేదు.

అందుకే ఒక రోజు గుండీలు కుడుతూ, ఏదో పొద్దుపోక అడిగినట్టు అడిగాను. "ఇంతకీ ఆ నూనె ఏం చేస్తుందే?"

"వెంటనే ఏమీ చెయ్యదు. అదే దాంతో చిక్కు," అంది వదిన. "చర్మంలోంచి దిగి ఒంట్లో కొవ్వులో చేరి కూర్చుంటుంది. లేవదు. రోజూ అందులో చేతులు పెట్టేవాళ్ళకి లోపల్లోపల తినేస్తుంది. ముందు పట్టేది కాలేయాన్నేనంటారు."

నా చేతిలో సూది ఆగిపోయింది. తలెత్తితే ఎదురుగా గోడ మీద నాన్న.

వదిన నా చూపు ఎటు పోయిందో చూసింది. "తాగుడుతో పోయారని కదా నాకు చెప్పారు?" అంది.

"డాక్టరు అన్నాడు. మేం చూడలేదు," అన్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదు. లేచి తిన్నగా అమ్మ గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెల్లగా చెప్పాల్సిందేమో. నాకు మెల్లగా చెప్పడం రాదు. అమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మంచం పట్టీ పట్టుకుని లేచి, కుంటుకుంటూ ముందుగదిలోకి వచ్చి వదిన ముందు నిలబడింది.

"అమ్మాయ్, నిజం చెప్పు. తాగకుండా కూడా లివరు పోతుందా?"

"పోతుంది అత్తయ్యా."

"ఈ నూనెతోనా?"

అప్పుడు వదిన అవునని ఒక్క మాట అంటే పనైపోయేది. డబ్బా చేతికొచ్చేది. నేనైతే అనేసేదాన్ని. ఆమె కళ్ళు నలుపుకుని, "దీనివల్లేనని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు అత్తయ్యా. కాదని కూడా చెప్పలేరు. ఆయన చేతులు మాత్రం రోజూ అందులోనే ఉండేవి కదా," అంది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. గ్యాసుబండ వెనక నుంచి డబ్బా ఈడ్చుకొచ్చి వదిన కాళ్ళ దగ్గర పెట్టింది. వదిన ముందు అమ్మని స్నానాలగదికి తీసుకెళ్ళి, సబ్బు రాసి, చేతులూ మోకాళ్ళూ కడిగింది. చిన్నపిల్లలా కడిగించుకుంది మా అమ్మ. ఎన్నడూ లేనిది.

"ఇంకా సీసాలున్నాయి," అంది తుడుచుకుంటూ. "వీధిలో. నేనే ఇచ్చాను."

"నేను తెస్తాను అత్తయ్యా."

"నువ్వడిగితే ఇవ్వరు. నేనొస్తాను."

సెలవురోజు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ముందు అమ్మ, ఒక చేత్తో గోడ పట్టుకుని. వెనక వదిన, చేతికి రబ్బరు తొడుగులు, ఒక బకెట్టు. మా గుమ్మంలోంచి చూస్తే వీధి చివరిదాకా కనబడుతుంది. మొదట మంగలి ఇల్లు. వాళ్ళావిడ తలుపు తీసింది.

"నేనిచ్చిన నూనె ఉంటే ఇచ్చెయ్ తల్లీ. అది మందు కాదు," అంది అమ్మ. ఆవిడ లోపలికెళ్ళి వెతికి సీసా తెచ్చి బకెట్టులో వేసింది. అమ్మ కదల్లేదు. "ఇంకో మాట. మా ఆయన తాగేవాడు కాదు."

మంగలి భార్య ఏమీ అర్థంకాక వదిన వైపు చూసింది. వదిన బకెట్టు వైపు చూసింది.

పక్కింట్లోనూ అదే. ఆ పై ఇంట్లోనూ అదే. నూనె ఇవ్వండి, మా ఆయన తాగేవాడు కాదు. నూనె లేదు, ఎప్పుడో అయిపోయిందన్నవాళ్ళకి కూడా రెండో మాట చెప్పింది. మేడ మీద ఉండే ముసలి టైలరు, నాకు పని నేర్పినవాడు, "రేపో మాపో పోయేవాణ్ణి, నాకు దాన్తో ఏమవుతుంది, నా సీసా నేనివ్వను," అని మొండికేశాడు. అమ్మ ఆ మెట్లన్నీ ఎక్కింది. వెనక నుంచి ఆమె మోకాళ్ళ చప్పుడు వినపడిందంది వదిన. ఆయన సీసా ఇచ్చాడు. ఇచ్చి, "మీ ఆయన తాగుతాడని మాకెవరు చెప్పారమ్మా? నువ్వేగా చెప్పావు," అన్నాడు. అమ్మ మెట్లు దిగేటప్పుడు వదిన చెయ్యి పట్టుకుని దిగింది.

డబ్బా, సీసాలు ప్లాంటుకి చేరాయి. సబ్‌స్టేషన్ డ్రమ్ములతో పాటే ఆ నూనె కూడా గొట్టంలోకి పంపడానికి మేనేజరు ఒప్పుకున్నాడు. రోజంతా అమ్మ నన్ను అడుగుతూనే ఉంది, ఇప్పుడు పెట్టి ఉంటారా, ఇప్పుడు పోయి ఉంటుందా అని. సాయంత్రం వదిన వచ్చి స్టూలు మీద పడింది. మామూలు కన్నా వాడిపోయి ఉంది.

"అయిపోయిందా?" అంది అమ్మ.

"లేదు అత్తయ్యా. సగంలో ఉప్పు అడ్డం పడింది. అంతా ఆపేశాం. రేపు కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి."

"ఆయన అంతే," అంది అమ్మ. "దేనికీ ఒక పట్టాన లొంగే రకం కాదు." నాన్న గురించి ఆమె నవ్వుతూ మాట్లాడటం మళ్ళీ అప్పుడే విన్నాను. ఫొటో తన గదిలోకి అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

మర్నాడు సాయంత్రం వదిన వచ్చేసరికి అమ్మ స్టూలు పక్కనే కింద కూర్చుని ఉంది. వీధంతా తిరిగినప్పటి వాపు ఇంకా తగ్గలేదు. వదిన సంచి పడేసి, వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు కాచి, ఉప్పు వేసి తెచ్చింది. "పగలంతా వేడినీళ్ళతో వేగి, ఇంటికొచ్చి మళ్ళీ వేడినీళ్ళేనా, ఇటివ్వు," అన్నాను. ఇవ్వలేదు. గుడ్డ ముంచి, పిండి, అమ్మ మోకాలి మీద వేసి అదిమింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది అత్తయ్యా."

"ఏం మిగిలింది?"

"నీళ్ళు. ఉప్పు. అంతే."

"వాసన?"

"ఏ వాసనా ఉండదు."

అమ్మ తల ఊపింది. వదిన ఇంకో మోకాలికి గుడ్డ వేసింది. కాపడం పెడుతూనే గోడకి ఆనుకుంది, కళ్ళు మూతలుపడ్డాయి.

"డాక్టరు అనకముందు నుంచే, ఆయన షెడ్డు నుంచి రాగానే తువ్వాలివ్వడానికి ఎదురెళ్ళేదాన్ని," అంది అమ్మ. ఎవరితో అంటోందో తెలియలేదు. "తువ్వాలు వంకే. నోటి వాసన చూడటానికి. రోజూ చూసేదాన్ని. సారా వాసన ఎప్పుడూ లేదు. ఈ నూనె వాసనే. తాగి, ఆ వాసన తెలియకుండా ఒంటికి నూనె పూసుకొస్తున్నాడనుకున్నాను."

నేను మిషను ఆపేశాను.

"ఒక్కసారైనా అడగలేదే. అబద్ధం చెబుతాడని అడగలేదు. రోజూ అంత దగ్గరికి వెళ్ళి, వాసన చూసి వచ్చేశాను."

వదిన నిద్రపోయింది. చెయ్యి అమ్మ మోకాలి మీదే ఉంది, గుడ్డ చల్లారిపోతోంది. అమ్మ ఆ చెయ్యి తియ్యలేదు. నేను లేచి, వదిన వేళ్ళ కింద నుంచి గుడ్డ మెల్లగా లాగి, మళ్ళీ వేడినీళ్ళల్లో ముంచాను.